ఇంటి మాట, ఊరి మాట



తండాల్లో ఇంటి మాట లంబాడీ. సంతలో, బడిలో తెలుగు. చాలామంది తల్లులు ఒక మాట అడుగుతుంటారు. "పసిబిడ్డ చెవిన రెండు భాషలు పడితే తికమక పడదా? మాటలు ఆలస్యం కావా? లంబాడీ మానేసి తెలుగే మాట్లాడాలా?" అని. ఈ రోజు ఆ సంగతే చెప్పుకుందాం.

బిడ్డ పుట్టకముందే మాటలు వింటుంది. కడుపులో ఉండగానే, చివరి నెలల్లో తల్లి గొంతు దానికి వినిపిస్తుంది. అర్థం తెలియదు. కాని మాట తీరు చెవికి అలవాటవుతుంది.

కెనడా దేశంలో అప్పుడే పుట్టిన బిడ్డలను పరీక్షించారు. నోట్లో రబ్బరు పీక పెట్టి, ఏ భాష వింటే ఎంత గట్టిగా చీకుతారో చూశారు. కడుపుతో ఉండి రెండు భాషలు మాట్లాడిన తల్లుల బిడ్డలు ఆ రెండింటినీ ఇష్టంగా విన్నారు. రెండూ వేరని కూడా గుర్తుపట్టారు. ఇది 2010లో అచ్చయింది.

అక్కడే ఇంకో సంగతి 1984లో తెలిసింది. హిందీలో 'త' వేరు, 'ట' వేరు. మన తెలుగులోనూ అంతే. ఇంగ్లీషు ఇళ్లలోని ఆరేడు నెలల పిల్లలు ఆ తేడా పట్టుకున్నారు. ఏడాది వచ్చేసరికి చాలామంది పట్టుకోలేకపోయారు. ఎందుకు? ఇంట్లో ఆ పలుకు వినపడదు కనుక. నడవని దారికి గడ్డి మొలుస్తుంది కదా!

మరి తికమక సంగతేమిటి? రెండేళ్ల పిల్ల "పాణి ఇవ్వు" అంటుంది. పాణి లంబాడీ. ఇవ్వు తెలుగు. ఇది తికమక కాదు. తెలిసిన మాటతో పని జరుపుకోవడం. మనం మాత్రం తెలుగులో బస్సు, టికెట్టు అనడం లేదా? పోనుపోను యాడితో లంబాడీ, దుకాణంలో తెలుగు మాట్లాడాలని పిల్లే తెలుసుకుంటుంది.

బిడ్డకు ఎన్ని మాటలు వచ్చాయో చూడాలంటే రెండు భాషలవీ కలిపి లెక్కపెట్టండి.

ఒక్క జాగ్రత్త. ఏడాదిన్నర వచ్చినా ఒక్క మాటా రాకపోతే, పిలిచినా తిరిగి చూడకపోతే, "రెండు భాషల వల్లే" అని ఊరుకోకండి. రెండు భాషల వల్ల ఆ జబ్బు రాదు. చెవి పరీక్ష చేయించండి. ఎంత ముందు చూపిస్తే అంత మేలు.

మరి మనమేం చేయాలి? మీకు బాగా వచ్చిన భాషలో బిడ్డతో మాట్లాడండి. స్నానం చేయిస్తూ మాట్లాడండి. అన్నం పెడుతూ మాట్లాడండి. రాని తెలుగులో నాలుగు ముక్కలకన్నా, వచ్చిన లంబాడీలో నలభై మాటలు నయం. తెలుగు బాగా వచ్చినవాళ్లు బిడ్డతో తెలుగు మాట్లాడాలి. వాళ్లు తండ్రి కావచ్చు, అంగన్‌వాడీ టీచరు కావచ్చు. ఏ భాష ఎంత వింటే అంత వస్తుంది. టీవీ ముందు కూర్చోబెడితే చాలదు. టీవీ బిడ్డకు బదులు చెప్పదు. బదులు చెప్పే మనిషి కావాలి.

తెలుగు రేపు బడిలోనైనా వస్తుంది. ఇంటి మాట ఇంట్లో తప్ప ఎక్కడ దొరుకుతుంది? అది మానేస్తే, నాయనమ్మ కథ చెబుతుంటే మనవరాలు అర్థంకాక ముఖం చూస్తుంది. అట్లా కానివ్వకండి. రెండూ బిడ్డ సొత్తే. రెండూ ఇవ్వండి.