రేపటి ఊరికి మన మొక్కు

(అన్నవరంలో జరిగిన పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మామూలుగా డి.ఆర్. బకాయిలు, మెడికల్ బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకుంటాం. అవి మాట్లాడుకోవలసినవే. ఈ ఒక్క పూటకు ఆ ఫైలు పక్కన పెట్టి ఊరి ఫైలు విప్పుదామని కార్యదర్శిగారిని అడిగాను. వారు దయతో ఒప్పుకున్నారు. ఇరవై పాతికేళ్ల తరువాత మన ఊరు ఎలా ఉండాలి? ఆ మాట ఎవరు చెప్పాలి? ఇదీ నా విషయం. అప్పటికి మనలో చాలామందిమి ఉండం. కాబట్టి మనకు స్వార్థం తక్కువ. మాట్లాడే అర్హత కాస్త ఎక్కువ.

నేను పంచాయితీ సమితి రోజుల్లో గుమాస్తాగా చేరాను. 1986 నాటి చట్టంతో సమితులు పోయి మండల పరిషత్తులు వచ్చాయి, నేను ఆ కుర్చీలోనే ఉండి పదవీ విరమణ చేశాను. గ్రామాభివృద్ధి పేరుతో వచ్చిన కాగితాలు చాలా చూశాను. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. పంచాయితీలకు అప్పగించదగిన 29 అంశాలు పదకొండో షెడ్యూలులో చేరాయి. మన రాష్ట్రంలో 1994లో పంచాయితీరాజ్ చట్టం వచ్చి, గ్రామసభ ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాలన్నది. 1997లో జన్మభూమి వచ్చింది, 1999లో విజన్ 2020 వచ్చింది. 2018 అక్టోబరు 2 నుంచి ప్రతి పంచాయితీ తన ప్రణాళిక తానే రాసుకోవాలని దేశమంతటా ఉద్యమంలా నడిపారు. 2024 ఆగస్టు 23న మన రాష్ట్రంలోని 13,326 పంచాయితీల్లో ఒకే రోజున గ్రామసభలు పెట్టారు. ఆ ఏడాది డిసెంబరు 13న స్వర్ణాంధ్ర 2047 పత్రం విడుదలైంది. అందులో తలసరి ఆదాయం 42,000 డాలర్లకు చేరాలన్న లక్ష్యం ఉంది, నీటి భద్రత, స్వచ్ఛత వంటి పది సూత్రాలూ ఉన్నాయి.

అంటే కాగితాలకు లోటు లేదు. లోటు ఎక్కడున్నదంటే, పైనుంచి వచ్చిన పత్రంలో మన ఊరు ఒక అంకె. ఊరు తయారుచేసి పంపేది చాలాసార్లు కోరికల జాబితా. సిమెంటు రోడ్డు కావాలి, కమ్యూనిటీ హాలు కావాలి, లైట్లు కావాలి. అడగడం తప్పు కాదు. కానీ అన్నవరంలో ఉన్నవాళ్లకు నేను ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు, కోరిక వేరు, మొక్కు వేరు. కోరికలో మనకు వచ్చేదే ఉంటుంది. మొక్కులో మనం ఇచ్చుకునేది కూడా ఉంటుంది. సత్యనారాయణ వ్రతకథలో షావుకారు పిల్ల పుడితే వ్రతం చేస్తానన్నాడు, పుట్టాక పెళ్లికి చేద్దామన్నాడు, పెళ్లయ్యాక మరిచిపోయాడు. ఎన్ని అవస్థలు పడ్డాడో మనం వినని ఏడాది లేదు. ఊరి భవిష్యత్ ప్రణాళిక కూడా మొక్కులా ఉండాలి. ఫలానాది కావాలి, అందుకు ఫలానాది వదులుకుంటాం అన్న మాట అందులో ఉండాలి.

ఇది ఎక్కడైనా జరిగిందా అంటే జరిగింది. మహారాష్ట్రలో అప్పటి అహ్మద్‌నగర్ జిల్లాలో హివరే బజార్ అని కరువు పల్లె ఉండేది. జనం వలసపోయేవారు. 1990 ప్రాంతం నుంచి ఆ ఊరివాళ్లు గుట్టల మీద కందకాలు తవ్వుకుని వాన నీరు ఆపుకున్నారు. అందరూ పొగిడేది ఆ కందకాలనే. నాకు గొప్పగా తోచింది వేరే ఉంది. సాగుకు బోర్లు వేయకూడదని, చెరకు, అరటి వంటి నీళ్లు తాగే పంటలు వేయకూడదని గ్రామసభలో కట్టుబాటు చేసుకున్నారు. ఏటా వాన కొలిచి, తాగడానికి ఎంత, పశువులకు ఎంత, పంటకు ఎంత అని సభలో లెక్క తేల్చుకుంటారు. వలసపోయినవాళ్లు తిరిగి వచ్చారు. అది మొక్కు చెల్లించిన ఊరు.

రెండో ఉదాహరణ మన తెలుగునేల మీదిది. విజన్ 2020లో వ్యవసాయం మీద బతికేవారిని 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలని రాశారు. 2001 జూన్‌లో మెదక్ జిల్లా ఆల్గోలులో 'ప్రజాతీర్పు' పేరుతో ఒక విచారణ జరిగింది. చిన్న, సన్నకారు రైతులే ఎక్కువగా ఉన్న జ్యూరీ, ఇరవై మందికి లోపు. వారిలోనూ ఆడవాళ్లే ఎక్కువ. వ్యవసాయానికి మూడు రకాల భవిష్యత్తులు వారి ముందు పెట్టారు. అధికారులు, శాస్త్రవేత్తలు, కంపెనీల ప్రతినిధులు వచ్చి సాక్ష్యం చెబితే, వీళ్లు ప్రశ్నలు వేశారు. అంతా సక్రమంగా జరుగుతున్నదా అని చూడడానికి సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి ఆధ్వర్యంలో ఒక సంఘం కూర్చుంది. భూమి మీదినుంచి మనుషులను తగ్గించే ఆలోచన మాకు వద్దు, మా విత్తనం, మా నేల మా చేతిలో ఉండాలని వారు తీర్పు చెప్పారు. ఆ తీర్పుతో ఏకీభవించనివారు ఉండవచ్చు. నేను చెప్పేది ఒకటే. సంగతులు విడమరచి చెప్పి, ఆలోచించుకునే వ్యవధి ఇస్తే, పలకా బలపం పట్టనివారు కూడా పాతికేళ్ల ముందుకు చూడగలరు. మన గ్రామసభల్లో మనం వారికి ఇవ్వనిది ఆ వ్యవధే.

ఇక మన ఊరి సంగతి. 1891లో రత్నగిరి మీద స్వామి వెలిసిన నాటినుంచి ఈ ఊరి బతుకు కొండతోనూ పంపతోనూ ముడిపడి ఉంది. జిల్లా పేరు 2022లో తూర్పు గోదావరి నుంచి కాకినాడగా మారింది గాని, పంపలోకి నీరు వచ్చే దారి మారలేదు. మనది మెట్ట. డెల్టావాళ్లకు గోదావరి కాలువ ఉంది, మనకు వాన ఉంది. ఆ పంప నీటి కోసమే సుమారు 12,000 ఎకరాల ఆయకట్టు, కొండ మీది దేవస్థానం, పుణ్యస్నానాలకు వచ్చే యాత్రికులు ఎదురుచూస్తారు. వాన తక్కువైన ఏడాది ఎవరు ఎంత తగ్గించుకోవాలి? ఆ మాట కరువు వచ్చాక మాట్లాడితే తగాదా అవుతుంది. ముందుగా మాట్లాడుకుంటే కట్టుబాటు అవుతుంది.

రెండవది, చెత్త. అడ్డాకులో కట్టిన ప్రసాదం తింటే ఆకు మట్టిలో కలిసిపోతుంది. దాని పక్కన కొన్న నీళ్ల సీసా కలవదు. కార్తీక మాసంలో వచ్చే జనం వదిలివెళ్లేది చివరకు ఎక్కడికి చేరుతున్నది? దుకాణాలవాళ్లు ఏమి వదులుకోగలరు, మనం ఏమి వదులుకోగలం?

మూడవది, జీవనం. మన వ్యాపారాలు పెళ్లి ముహూర్తాల మీద, కార్తీకం మీద నడుస్తాయి. ఆషాఢంలో ఆటో కుర్రాడు, పూలమ్మే మనిషి, విస్తళ్లు కుట్టే ఆడకూతురు ఏమి తింటున్నారు? డిగ్రీ చదివిన పిల్లలు విశాఖ, హైదరాబాదు పోతే తప్పు లేదు. ఉండాలనుకున్నవాడికి ఇక్కడ ఏమి ఉంది?

నాలుగవది, భూమి. రైలు, జాతీయ రహదారి రెండూ ఉన్న ఊరు ఇది. రోడ్డు పక్క పొలం ప్లాటయితే మళ్లీ పొలం కాదు. ఎంతవరకు ఇళ్లు, ఎక్కడినుంచి పొలం అన్న గీత మనమే గీసుకోకపోతే అమ్మకాలు కొనుగోళ్లే గీస్తాయి.

ఈ ప్రశ్నలకు జవాబులు నా దగ్గర లేవు, ఒక్కడి దగ్గర ఉండకూడదు కూడా. అయితే మన పెన్షనర్లు చేయగల పని ఒకటి ఉంది. అదేమిటో నా సర్వీసులోని ఒక సంగతితో చెబుతాను.

ఒక గ్రామసభలో అందరూ సిమెంటు రోడ్డు కావాలన్నారు. చివర ఒక ముసలమ్మగారు లేచి, రోడ్డు ఎత్తు చేస్తే వాననీళ్లు ఎటు పోతాయి బాబూ అన్నది. నవ్వారు. నేను నవ్వలేదు, ఆ ప్రశ్నను ఆవిడ పేరుతో సహా మినిట్సు పుస్తకంలో రాశాను. రోడ్డు పడింది. రెండేళ్లకు వానలకు దిగువ పేటలో ఇళ్లల్లోకి నీళ్లొచ్చాయి. మురుగుకాలువ అడిగితే, ఇది ముందు తెలియదా అన్నారు పైవాళ్లు. అప్పుడు ఆ పేజీ తీసి చూపించాం. కాలువ మంజూరయింది. ఆ కాలువ తెచ్చింది ఆవిడ బుద్ధి. నా వంతు మూడు పంక్తుల రాత మాత్రమే.

మిత్రులారా, మనం చేయగలిగింది ఆ మూడు పంక్తులే. జి.వో. చదవడం మనకు వచ్చు, అంచనాల్లో ఎక్కడ మెలిక ఉందో మనకు తెలుసు, పగటిపూట తీరిక ఉంది, ఎవరికీ భయపడవలసిన పని లేదు. కనుక మూడు మనవులు చేస్తున్నాను. ఒకటి, ప్రతి గ్రామసభకు మనలో కనీసం పదిమంది వెళ్లాలి, వెళ్లి వేదిక మీద కాక జనంలో కూర్చోవాలి. రెండు, సభకు వారం ముందు వీధి అరుగుల మీద, కూలికి వెళ్లేవారు తిరిగివచ్చే వేళకు, అజెండా తేలిక మాటల్లో చదివి వినిపించాలి. సభలో నోరు విప్పని ఆడవాళ్లు అరుగు మీద మాట్లాడతారు. మూడు, కావాలన్న ప్రతి తీర్మానం కింద, ఇందుకు ఊరు ఏమి ఇస్తుంది, ఏమి వదులుకుంటుంది అన్న పంక్తి ఒకటి రాయించాలి. ఏడాది తిరిగాక అదే పేజీ సభలో పైకి చదివించాలి.

ఇందులో మన మొక్కు కూడా ఉండాలి గదా. మన ఇళ్లల్లో వాననీరు ఇంకే గుంత లేని ఇల్లు, ఇంటిపన్ను బకాయి ఉన్న ఇల్లు వచ్చే గ్రామసభలోగా ఒక్కటీ మిగలకూడదని నా ప్రతిపాదన. ముందు మనం చెల్లిస్తే, తరువాత ఊరిని అడగడానికి నోరు వస్తుంది.

ఈ ప్రతిపాదనను ఈ రోజు మన సంఘం మినిట్సులో నమోదు చేయించవలసిందిగా అధ్యక్షులవారిని కోరుతున్నాను.