గొర్రెలు కాపాడే ఉడుత



మన ఉడుత చెట్టెక్కుతుంది. యూరప్ ఖండంలో హంగరీ, ఆస్ట్రియా లాంటి దేశాల్లో నేల ఉడుత ఉంది. దాని కాపురం బొరియలో. చలికాలమంతా అందులోనే నిద్ర.

పంట తింటుందని ఒకప్పుడు రైతులు దాన్ని చంపేవారు. ఇప్పుడది తగ్గిపోయింది. అంతరించే ప్రమాదంలో ఉందని 2020లో లెక్కగట్టారు.

ఎందుకలా? పచ్చిక బీడు దున్నితే బొరియలు పోతాయి. దున్నకుండా వదిలేసినా చిక్కే. పశువులు మేయకపోతే గడ్డి ఏపుగా పెరుగుతుంది. ఉడుత వెనక కాళ్ల మీద నిలబడి చూసినా గద్ద కనపడదు, నక్క కనపడదు.

అందుకే అక్కడ కొన్నిచోట్ల బీళ్లలో గొర్రెల్ని, పశువుల్ని మేపుతున్నారు. లేదా గడ్డి కోస్తున్నారు. గడ్డి పొట్టిగా ఉంటే ఉడుతకు ప్రాణం నిలుస్తుంది. ఉడుతల్ని తినే డేగకూ తిండి దొరుకుతుంది.

చూశారా! గొర్రెలు కాసే పనికి ఎంత విలువుందో!

మీ ఊరి బీడులో ఏయే జీవులున్నాయి? అందరూ కలిసి మాట్లాడుకోండి. వాటి పేర్లు పలక మీద రాయండి.