రంపము వెనుక రెండవ మనిషి



రాయపురమునకు తూర్పున సుమారు 36 కిలోమీటర్ల దూరమున, మహానదికి చేరువలో ఆరంగ్ అను పట్టణము కలదు. భాండ్ దేవల్ అను ప్రాచీన జైన దేవాలయము వలన పురాతత్త్వజ్ఞులకు అది సుపరిచితము. అక్కడి జనులు తమ ఊరి పేరునకు మాత్రము వేరొక కథ చెప్పుదురు. హిందీలో 'ఆరా' యనగా రంపము. మయూరధ్వజ మహారాజు అతిథికిచ్చిన మాట చెల్లించుటకై కన్నకొడుకు తామ్రధ్వజుని రంపమున కోసిన చోటగుటచే ఆ పేరు వచ్చెనని వారి విశ్వాసము. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుని జైమినిభారతము చదివినవారికి ఈ కథ మరొక రీతిగా తెలియును. అందు కోతకు సిద్ధపడినది రాజు దేహమే. శ్రీకృష్ణుని పరీక్ష గనుక రెండు విధములను కథ సుఖాంతమే.

అందలి ధర్మసూక్ష్మము పౌరాణికులకు వదలుదము. వడ్రంగి ఈ కథ వినినచో మొదట గమనించునది వేరొకటి: రంపమునకు ఇద్దరు కావలెను. ఆరంగ్ కథలో ఒక కొసన రాజు, రెండవ కొసన రాణి. పూర్వము దూలములు కోయు పద్ధతియు ఇదియే. దుంగను ఎత్తున నిలిపి, పైన ఒకడు, క్రింద ఒకడు నిలిచి, ఊపిరి కలిపి లాగుచుండిరి. సామిల్లులో విద్యుచ్ఛక్తి వచ్చిన తరువాతను, పలకను త్రోయువాడొకడు, ఆవల అందుకొనువాడొకడు తప్పలేదు.

నేడు ఉద్యోగులు పలువురు సెలవు దినములలో ఇంటిలోనే చిన్న కర్మశాల పెట్టుకొని, బల్లరంపము కొనుచున్నారు. బల్ల మధ్య చీలికనుండి గుండ్రని పళ్ల చక్రము పైకి వచ్చి తిరుగుచుండును. పలకను దానిమీదికి త్రోయవలెను. త్రోయుటకు మనిషి యున్నాడు. అందుకొను మనిషి లేడు. ఆ లోటు తీర్చునదే ఆంగ్లమున అవుట్‌ఫీడ్ టేబుల్ అనబడు వస్తువు. దానిని మనము ఆనుబల్ల యందము.

ఇది సౌకర్యమునకు సంబంధించిన విషయమని పలువురు తలంతురు. లెక్క చూచిన తెలియును. 8 అడుగుల ప్లైవుడ్ పలకను నిలువునా కోయుచున్నారనుకొనుడు. 18 మిల్లీమీటర్ల మందము గలదైనచో దాని బరువు సుమారు 30 కిలోలు. రంపపు చక్రమునకు వెనుక బల్ల ఒక అడుగు మాత్రమే యుండును. పలక సగము ఆ అంచు దాటగానే బరువు వెనుకకు మొగ్గును. అప్పటికి ఇంకను 3 అడుగుల కోత మిగిలియుండును! ఆవలి కొస క్రుంగును, ఈవలి కొస లేచును. మనిషి సహజముగా చేయు పని యేమి? ఒక చేత ఈవలి కొసను అదుముచు, రెండవ చేతిని చక్రము మీదుగా చాపి ఆవలి కొసను పట్టుకొనబోవును. 10 అంగుళముల చక్రము నిమిషమునకు 4,000 చుట్లు తిరిగినచో పళ్ల వేగము గంటకు సుమారు 190 కిలోమీటర్లు. పైగా చక్రపు వెనుకటి పళ్లు క్రిందినుండి పైకి లేచుచుండును. వంకర తిరిగిన పలక వానికి చిక్కినచో దానిని ఎత్తి కోయువాని మీదికే విసరివేయును. అమెరికాలో 2007, 2008 సంవత్సరములలో కలిపి, బల్లరంపపు పళ్లు తగిలి ఆసుపత్రుల అత్యవసర విభాగములకు చేరిన వారు సుమారు 66,900 మందియని అచటి వినియోగదారుల రక్షణ సంఘము అంచనా వేసినది. అవన్నియు ఆనుబల్ల లేనందున జరిగినవని చెప్పరాదు. చేయి చాపవలసిన అవసరమును మాత్రము అది తప్పించును.

ఆనుబల్ల పొడవు 4 అడుగులుండిన చాలును. రంపపు బల్ల అడుగుతో కలిపి 5 అడుగుల ఆధారమగును. కోత ముగిసినప్పుడు పలక నడిబరువు చక్రమునకు 4 అడుగుల ఆవల నుండును గనుక అది నిశ్చలముగా నిలుచును. 3 అడుగులైనచో నడిబరువు సరిగా అంచున పడును, అది చాలదు.

ఎత్తు విషయమున జాగ్రత్త అవసరము. ఆనుబల్ల రంపపు బల్లకు ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగువగా నుండవలెను. వెంట్రుకవాసి ఎత్తైనను పలక ముందంచు దానికి కొట్టుకొని నిలిచిపోవును. కోత నడుమ ఆగుట ప్రమాదము. అందుకే ఎదురంచును చిత్రికతో ఏటవాలుగా తీయుదురు. ఇంటి నేల సమముగా నుండదు, కావున ప్రతి కాలి అడుగున బోల్టు, నట్టు అమర్చి, రెండు బల్లలమీదుగా తిన్నని బద్దె వేసి సరిచూడవలెను. అడ్డకోత కొలబద్ద జారు రెండు గాడులను ఆనుబల్లలోనికి పొడిగించుట మరువరాదు.

పైపలకకు గట్టి చెక్క వలదు. ఛత్తీస్‌గఢ్ అడవులలో టేకు, సాల వృక్షములకు కొదువ లేదు. అయినను రాయపురపు వేసవి ఎండకు చెక్క కుదించుకొని, వర్షాకాలపు తేమకు ఉబ్బును. మిల్లీమీటరు మర్యాదను అది పాటింపలేదు. ప్లైవుడ్‌కు రెండు ప్రక్కలను సన్మైకా అతికించిన మేలు. ఒక ప్రక్కనే అతికించిన వంగిపోవును. పైన కొంచెము మైనము రుద్దిన పలక నీటిమీద వలె జారును. దొర్లు కమ్మీల స్టాండులు అంగడిలో దొరకును గాని, కమ్మీ రవ్వంత ఓరగా నున్నను పలకను ప్రక్కకు లాగును. సాదా బల్లయే నమ్మదగినది.

ఇరుకు క్వార్టర్లలో 4 అడుగుల బల్ల నిలుపుట యెట్లు? బందులతో రంపపు బల్ల వెనుకనే బిగించి, పని లేనప్పుడు క్రిందికి మడవవచ్చును. మడచుటలో మరొక లాభము కలదు. కార్యాలయమున ఖాళీ బల్ల కనబడిన దస్త్రములు వచ్చి చేరునట్లు, ఆనుబల్లమీదను జిగురు డబ్బాలు, మేకుల సీసాలు, కాఫీ గ్లాసులు వచ్చి కూర్చుండును. మడచు బల్లమీద అవి నిలువవు. మడవని బల్ల యైనచో, మీట నొక్కుటకు ముందు వానినన్నిటిని దింపి నేలమీద పెట్టవలసియుండును.