ఉరల్ కొండల శాస్త్రవేత్త, తేచా ఒడ్డు పల్లెలు
(ప్రసంగ పాఠం)



ఆయుధ శాస్త్రవేత్త అనగానే మన సభల్లో కలాం సాహెబ్ పేరే వినిపిస్తుంది. నేడు మరొకరిని గురించి విన్నవించదలిచాను. ఆయన సోవియట్ శాస్త్రవేత్త కిరిల్ ష్చోల్కిన్. 1911లో తిఫ్లిస్ నగరంలో జన్మించారు. వాయువులలో మంట పేలుడుగా మారే తీరును పరిశోధించుటలో అందెవేసిన చేయి. 1941లో స్వచ్ఛందంగా యుద్ధరంగానికి వెళ్లగా, ప్రభుత్వమే వెనక్కి పిలిపించి పరిశోధనకు పంపింది. 1949 ఆగస్టు 29న కజక్ మైదానంలో తొలి సోవియట్ అణుబాంబును పేల్చినవారిలో ఆయన ముఖ్యులు. మూడుమార్లు ‘సోషలిస్టు శ్రామిక వీరుడు’ బిరుదు పొందారు. 1955లో ఉరల్ పర్వతాల తూర్పు వాలున, సరస్సుల నడుమ వెలసిన చెల్యాబిన్స్క్-70 ఆయుధ సంస్థకు తొలి శాస్త్ర సారథి అయ్యారు. నాడు ఆ ఊరు పటంలో లేదు. ఆయన పేరు సామాన్య ప్రజలకు తెలియదు. 1960లో అనారోగ్య కారణంగా బాధ్యతలు విడిచి మాస్కో చేరారు. 1968లో కన్నుమూశారు.

అదే కొండల్లో, ఆ ఊరికి చేరువలోనే, మాయాక్ అనే ప్లుటోనియం కర్మాగారం ఉంది. దాని వ్యర్థాలను 1949 నుండి తేచా నదిలోకి వదిలారు. ఆ నీటినే త్రాగి, ఆ ఒడ్డునే పశువులను మేపుకున్న పల్లెల్లో తాతార్, బష్కీర్ ముస్లింల పల్లెలు ఎన్నో. తర్వాత పలు గ్రామాలను ఖాళీ చేయించారు. తాతార్లు అధికంగా నివసించే ముస్ల్యూమొవో మాత్రం అక్కడే ఉండిపోయింది. ఏటి దరికి పోరాదన్నారే గాని, ఎందుకు పోరాదో చెప్పలేదు.

1957 సెప్టెంబరు 29న ఆ కర్మాగారంలోనే వ్యర్థాల తొట్టి ఒకటి పేలింది. కరబోల్కా పేరుతో రెండు పల్లెలుండేవి. రష్యన్ కరబోల్కాను తరలించారు. తాతార్ కరబోల్కాను తరలించలేదు. కారణమేమన్నదానిపై అధికారుల మాట ఒకటి, గ్రామస్థుల మాట మరొకటి. విషం సోకిన పంటను తమ పిల్లల చేతనే పూడ్పించారని ఆ ఊరివారు చెబుతూ వచ్చారు. ప్రభుత్వం ఈ ప్రమాదాన్ని బహిరంగంగా ఒప్పుకున్నది 1989లో.

ష్చోల్కిన్‌ను నిందించుట నా ఉద్దేశం కాదు. ఆ కర్మాగారం వేరు, ఆయన సంస్థ వేరు. నదిలో వ్యర్థాలు వదలమన్నది ఆయన కాదు. అయితే 1949 నాటి బాంబులోని ప్లుటోనియం మాయాక్‌లో తయారైనదే. ఆయనకు మూడు స్వర్ణ తారలు దక్కాయి. నది ఒడ్డు వారికి తమ జబ్బు పేరు కూడా చాలాకాలం చెప్పలేదు.

దస్త్రాలు వ్రాసి పదవీ విరమణ చేసినవాడిగా ఒక్కమాట. తరలించవలసిన గ్రామాల జాబితా ఎక్కడో ఒక కార్యాలయపు బల్లపై తయారవుతుంది. అందులో తమ ఊరు ఉన్నదో లేదో, లేకుంటే ఎందుకు లేదో, ఊరివారికి తెలియదు. నకలు అడుగుటకు మనకు 2005 నాటి సమాచార హక్కు చట్టమైనా ఉంది. కరబోల్కా వారికి నాడు అదీ లేదు. మన యువకులు అర్జీ వ్రాయుట నేర్చుకోవాలని నేను పదేపదే పోరుపెట్టేది అందుకే. కొందరికి విసుగు కలిగినా సరే.

ముస్ల్యూమొవో వారు దశాబ్దాల పాటు అడిగారు. చివరకు 2006 తర్వాత తరలింపు మొదలైంది. పలువురికి ఇళ్లు కట్టి ఇచ్చిన కొత్త ఊరి పేరు నొవోముస్ల్యూమొవో. అది పాత ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో, అదే నదికి ఆవలి ఒడ్డున ఉంది.