పెట్టె చేతులు మారే చోట

సరకు రవాణాలో ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ అభినందనలు.

మీకు అరటికాయల ప్రయాణం ఒకటి చెబుతాను. 2020 జనవరిలో తాడిపత్రి స్టేషన్ నుంచి 43 శీతల కంటెయినర్లతో ఒక రైలు ముంబై పక్కనున్న జవహర్‌లాల్ నెహ్రూ పోర్టుకు బయల్దేరింది. అందులో ఉన్నది 980 టన్నుల అనంతపురం అరటి. అక్కడి నుంచి ఓడెక్కి విదేశాలకు. గెలను అత్తాలుగా కోసి, కడిగి, అట్టపెట్టెల్లో సర్ది, కంటెయినర్‌కు సీలు వేశాక ఆ కాయను మళ్లీ చెయ్యి తాకాల్సింది సముద్రం దాటాకే. లారీ పోయి రైలు వస్తుంది, రైలు పోయి ఓడ వస్తుంది. కంటెయినర్ పెట్టె మాత్రం అదే.

ఈ పద్ధతిని నిలబెట్టినవాడు లారీ నడిపి పైకొచ్చిన అమెరికన్ మాల్కమ్ మెక్‌లీన్. 1956 ఏప్రిల్ 26న ఆయన ఓడ ఐడియల్ ఎక్స్ 58 పెట్టెలతో న్యూఅర్క్ నుంచి హ్యూస్టన్‌కు బయల్దేరింది. కూలీలు మోసి ఎక్కిస్తే టన్నుకు ఆరు డాలర్ల దాకా అయ్యే ఖర్చు ఆయనకు 16 సెంట్లలో తేలింది.

అయితే అన్నీ పెట్టే చూసుకోదు. పచ్చి అరటికి 13, 14 డిగ్రీల చలి ఉండాలి. బాగా తగ్గితే తొక్క నల్లబడుతుంది, పెరిగితే దారిలోనే ముగ్గుతుంది. రైల్లో జనరేటరు కరెంటు, యార్డులో ప్లగ్గు, ఓడలో ఇంకో ప్లగ్గు. ఒకటి పీకి ఇంకొకటి పెట్టే ఆ మధ్యలోనే ప్రమాదం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక యార్డులో కంటెయినర్ రెండు రోజులు కరెంటు లేకుండా పడి ఉంది. దించినవాళ్లు తమ పని అయిపోయిందన్నారు. తీసుకోవాల్సినవాళ్లు కాగితం రాలేదన్నారు. తలుపు తీయగానే వేడి గాలితో పాటు ముగ్గిన వాసన గుప్పుమంది. నెలల తరబడి తోటకు నీళ్లు కట్టిన రైతుకు ఏం చెప్పాలో మాలో ఎవరికీ తోచలేదు.

రోడ్డు, రైలు, ఓడ మీకు వేర్వేరు పాఠాలుగా వచ్చి ఉంటాయి. నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఆ పాఠాల మధ్య ఖాళీలోనే జరిగాయి.

అందుకే ఒక్కటే అడుగుతున్నాను. ఆఫీసు కుర్చీలో కూర్చోకముందు ఒక నెల యార్డులో రాత్రి షిఫ్టు అడిగి మరీ తీసుకోండి. సీలు నంబరు మీ కళ్లతో చదవండి. డిగ్రీలు మీ చేత్తో రాయండి. పెట్టెను తీసుకునే మనిషి ఎవరో తెలుసుకుని, సంతకం పెట్టించుకున్నాకే అక్కడి నుంచి కదలండి.