తగ్గడం ఒకెత్తు, నిలబెట్టుకోవడం ఒకెత్తు
(మహిళా కార్యకర్తల ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుట్నించీ రక్తహీనత గురించి, అనవసరంగా చేస్తున్న గర్భసంచి ఆపరేషన్ల గురించి మాట్లాడుకున్నాం. నన్ను బరువు గురించి మాట్లాడమన్నప్పుడు జంకాను. ముప్ఫై ఏళ్ళుగా సంఘంలో పనిచేస్తున్నాను. కట్నాల మీద, కూలి రేట్ల మీద, భూమి పట్టాల మీద ఎన్నిసార్లు మాట్లాడానో లెక్కలేదు. నా శరీరం గురించి మాత్రం ఒక్కసారీ నోరు విప్పలేదు. లావుగా ఉన్నానని ఒక సిగ్గు. స్త్రీవాదినని చెప్పుకుంటూ లావు తగ్గాలనుకుంటున్నానే అని ఇంకో సిగ్గు. ఈ రెండోది మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

1998లో, రెండో కాన్పూ కుటుంబ నియంత్రణ ఆపరేషనూ అయ్యాక, నా బరువు 76 కిలోలు. అత్తగారి తరఫు పెళ్ళిలో ఒక బంధువు, "వదినగారికి రెండు కుర్చీలు వేయండర్రా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాడు వెళ్ళి ఒక బరువు తగ్గించే సెంటర్‌లో డబ్బు కట్టాను. పొద్దున మజ్జిగ, మధ్యాహ్నం కీరా ముక్కలు, రాత్రి ఒక పుల్కా. నాలుగు నెలల్లో 14 కిలోలు తగ్గాను. ఆ నాలుగు నెలలూ ఇంటిల్లిపాదికీ వండి వడ్డించింది నేనే. పోపు వాసనకి కళ్ళు తిరిగేవి. అలా ఎన్నాళ్ళుంటాం? మళ్ళీ అన్నం మొదలుపెట్టాను. రెండేళ్ళలో 79కి చేరాను. సెంటర్ వాళ్ళు "మీకు పట్టుదల లేదు మేడమ్" అన్నారు. కలెక్టరాఫీసు ముందు పదకొండు రోజులు ధర్నాలో కూచున్న నేను ఆ మాట నమ్మేశాను! అప్పట్నించీ గ్రూపు ఫొటోల్లో వెనక నిలబడ్డాను. వేదిక మీదికి రమ్మంటే ఏదో పని కల్పించుకునేదాన్ని.

పట్టుదల ఒక్కటే సంగతి కాదని చాలా ఏళ్ళకి తెలిసింది. అమెరికాలో టీవీ పోటీ కోసం బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షించిన అధ్యయనం ఒకటి 2016లో వచ్చింది. వాళ్ళు సగటున 58 కిలోలు తగ్గి, 41 కిలోలు మళ్ళీ పెరిగారు. విశ్రాంతిగా ఉన్నప్పుడు వాళ్ళ శరీరాలు, ఉండాల్సిన దానికంటే రోజుకి సుమారు 500 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తున్నాయి. బరువు తగ్గిన ఏడాది తర్వాత కూడా ఆకలిని పెంచే హార్మోన్లు పాత స్థితికి రావని 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. అంటే శరీరం దాన్ని కరువుగానే లెక్క వేసుకుని, పోయినదాన్ని తిరిగి రాబట్టుకోవాలని చూస్తుంది. మళ్ళీ లావైన ఆడదాన్ని "తిండి ఆపుకోలేదు" అని తిట్టేవాళ్ళకి ఈ సంగతి తెలియదు. మనకైనా తెలిసి ఉండాలి.

2018లో నాకు 51 ఏళ్ళు, 82 కిలోలు. బస్సు మెట్టు ఎక్కాలంటే మోకాలు సహకరించేది కాదు. రక్తపరీక్షలో షుగర్ సరిహద్దులో ఉందన్నారు. మా అమ్మ షుగర్‌తో కాలి వేళ్ళు పోగొట్టుకుంది. భయం వేసింది. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. సన్నబడమని కూడా అనలేదు. బరువులో 7 శాతం తగ్గి, వారానికి 150 నిమిషాలు నడిస్తే షుగర్ వచ్చే ప్రమాదం సగానికి పైగా తగ్గిందని 2002లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం తేల్చిందని చెప్పింది. ఏడు శాతం అంటే నాకు ఆరు కిలోలు. అది చేయగలననిపించింది.

ఈసారి ఆకలితో మాడలేదు. ముందు నేను ఏం తింటున్నానో వారం రోజులు రాసుకున్నాను. నా కంచంలో తినేది తక్కువే. పిల్లలు వదిలేసిన ముద్ద, గిన్నె అడుగున మిగిలిన పప్పు, పారేయలేక మర్నాడు తాళింపు వేసుకున్న అన్నం, అదంతా నా లెక్కలోకే వచ్చింది. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినడం మన ఆడవాళ్ళకి పెంపకంలోనే వస్తుంది. నేను అందరితో పాటు కూచుని, వేడిగా, ముందే వడ్డించుకుని తినడం మొదలుపెట్టాను. అన్నం సగం చేసి, కూర, పప్పు, గుడ్డు పెంచాను. మా అత్తగారు వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత ఆవిడా మాతో పాటే కూచుంది.

రెండోది నడక. తెల్లవారుజామున బయలుదేరితే వీధిలో దీపాల్లేవు. మోటార్ సైకిల్ మీద వెళ్తూ కుర్రాళ్ళు వెకిలి మాటలు. పక్కింటావిడ, ఎదురింటావిడ, టైలర్ షాపు అమ్మాయి, నేను నలుగురం కలిశాం. మున్సిపాలిటీకి అర్జీ పెట్టి, మూడుసార్లు తిరిగి, దీపాలు వేయించుకున్నాం. మరి ఆ గంట ఎక్కణ్ణించి వచ్చింది? 2024 నాటి ప్రభుత్వ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారు. ఇంటిపని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. మా ఇంట్లో పొద్దుటి టిఫిను మా ఆయన చేతికి వెళ్ళాకే నాకు నడక కుదిరింది. మొదటి నెల ఉప్మా ఉండలు కట్టింది. తిన్నాం.

మూడోది మీకందరికీ ఉన్న చిక్కే. ఊళ్ళకి వెళ్తే ఇంటింటా టీ ఇస్తారు, నిండా చక్కెరతో. వద్దంటే పోతుంది కదా అంటారు. దళితవాడలో టీ వద్దంటే దాని అర్థం వేరు. ఒకసారి నేను వద్దన్నప్పుడు ఒక పెద్దమ్మ ముఖం ఎలా మాడిపోయిందో ఇప్పటికీ మర్చిపోలేను. ఆ రోజే కూచుని నా షుగర్ సంగతి చెప్పాను. "ముందే చెప్తే చక్కెర లేకుండా పెట్టనా బిడ్డా" అంది. అప్పట్నించీ వాడలో టీ వద్దనను, చక్కెర వద్దంటాను.

పద్నాలుగు నెలల్లో 15 కిలోలు తగ్గాను. 2020 లాక్‌డౌన్‌లో నడక ఆగిపోయి నాలుగు కిలోలు తిరిగి వచ్చాయి. పాత సిగ్గూ దాంతోపాటే వచ్చింది. ఈసారి మాత్రం దాక్కోలేదు. డాబా మీద నడిచాను. ప్రతి ఆదివారం బరువు చూసుకుంటాను. రెండు కిలోలు పెరిగితే ఉపవాసాలు చేయను, మొదటి వారంలో లాగా మళ్ళీ రాసుకోవడం మొదలుపెడతాను. ఇప్పుడు 67, 69 మధ్య ఉంటున్నాను. ఇది అయిపోయిన పని కాదు. రోజూ చేసుకునే పని.

ఇప్పుడు ఇంజెక్షన్లు వచ్చాయి. అవసరమైన వాళ్ళు డాక్టరు సలహాతో వాడుకోవడంలో తప్పేమీ లేదు. కానీ మందు ఆపిన ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందని 2022లో ఒక అధ్యయనం చెప్పింది. మందుతోనైనా నిలబెట్టుకోవడమనే ప్రశ్న అలాగే ఉంటుంది.

ఇంకో మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం స్త్రీలు ఎక్కువ బరువుతో ఉన్నారు. అదే సర్వేలో రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉంది. లావుగా ఉన్న ఆడది బాగా తిని కూచుందనుకోవడం ఎంత తప్పో దీన్నిబట్టే తెలుస్తుంది. కాబట్టి నా కథ విని ఎవర్నీ తగ్గమని ఒత్తిడి చేయకండి. పెళ్ళిచూపుల కోసం కడుపు మాడ్చుకునే పిల్లలకి దీన్ని ఉదాహరణగా అసలే చెప్పకండి.

ఈ సదస్సు ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను. మన సమావేశాల్లో బజ్జీలు, చక్కెర టీలతో పాటు శనగలు, పళ్ళు, చక్కెర లేని టీ ఉండాలి. కార్యకర్తల పనిగంటల్లో తిండికీ నడకకీ సమయం లెక్కలో ఉండాలి. వీధి దీపాలు, ఆడవాళ్ళు భయం లేకుండా నడిచే చోటు ఆరోగ్య హక్కులో భాగమని మన డిమాండ్లలో చేర్చాలి.

తగ్గాలా వద్దా అన్నది ఎవరికి వాళ్ళు తేల్చుకోవాల్సింది. వేడన్నం, ఒక గంట సమయం, వెలుతురున్న వీధి మాత్రం అందరికీ ఉండాలి. వాటి కోసం కలిసి అడుగుదాం.

సెలవు.