కుక్కల పందేలు: సెక్షన్ 325 భ్రమ



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో వారి పేరు ఆహ్వానపత్రం మీదా, నా వెనకున్న బ్యానరు మీదా పెద్దక్షరాల్లో ఉంది. నేను మళ్లీ చెప్పను. ఆయన దగ్గర జూనియర్‌గా పనిచేశాను. జీతం ఇచ్చేవారు కాదు, మధ్యాహ్నం భోజనం పెట్టేవారు. చారులో ఉప్పు ఎప్పుడూ ఎక్కువే. కేసు కట్టకు వేసిన ముడి నచ్చకపోతే విప్పించి మళ్లీ కట్టించేవారు. గొప్ప క్రిమినల్ లాయరు. ఒక్క విషయంలో మాత్రం ఆయన మాట చట్టానికి నిలవదని ఆయన ముందే అన్నాను, ఒప్పుకోలేదు. ఈ గౌరవం నేను కాదనకపోవడానికి ఆ తగాదాయే కారణం. ఆయన ఉంటే రెండో వాక్యంలోనే నన్ను ఆపేవారు. ఇవాళ ఆ సౌకర్యం ఆయనకు లేదు.

తెలిసిన సంగతులు తొందరగా దాటేస్తాను. ఇంగ్లండు జంతువుల పోరు పందేలను 1835లోనే నిషేధించింది. 2021 చట్టంతో అక్కడి గరిష్ఠ శిక్ష ఆరు నెలల నుంచి అయిదేళ్లకు పెరిగింది. అమెరికాలో కుక్కల పందెం అన్ని రాష్ట్రాల్లోనూ తీవ్రనేరం. 2007లో మైకేల్ విక్ అనే ప్రఖ్యాత ఫుట్‌బాల్ ఆటగాడికి ఫెడరల్ కోర్టు 23 నెలల జైలు వేసింది. 2014 నుంచి ఫెడరల్ చట్టం కింద పందెం చూడ్డానికి వెళ్లడమూ నేరమే, పదహారేళ్ల లోపు పిల్లల్ని వెంటబెట్టుకుపోతే శిక్ష ఇంకా ఎక్కువ. మనకున్నది 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం. సెక్షన్ 11 కింద మొదటి నేరానికి పది నుంచి యాభై రూపాయల జరిమానా. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే ఇరవై అయిదు నుంచి వంద రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. 2022లో కేంద్రం ఒక సవరణ ముసాయిదాను జనం ముందు పెట్టింది. అది ముసాయిదాగానే ఉండిపోయింది. యాభై రూపాయల మీద వేయాల్సిన జోకులన్నీ ఇదివరకే వేసేశారు కనక వదిలేస్తున్నాను.

ఆ యాభై రూపాయలు చూసి సిగ్గుపడ్డవాళ్లందరూ వెళ్లి చేరే చోటు ఒకటుంది. పాత శిక్షాస్మృతిలో అది 428, 429 సెక్షన్లు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 325. జంతువును చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా అయిదేళ్ల దాకా జైలు. "పందెంలో కుక్క చస్తోంది, కాళ్లు విరుగుతున్నాయి. అయిదేళ్ల సెక్షను చేతిలో ఉండగా యాభై రూపాయల దగ్గర ఏడుపెందుకు?" ఇదీ మా సీనియర్ గారి వాదన. ఇవాళ ఎన్నో ఫిర్యాదుల్లో, ఎఫ్ఐఆర్‌లలో కనిపించేదీ ఇదే.

నా అభ్యంతరం ఒక్కటే. 325ను 324తో కలిపి చదవాలి. 325 శిక్షించేది 'మిశ్చిఫ్' అనే నేరాన్ని. ప్రజలకో, ఏ వ్యక్తికో అక్రమ నష్టం కలిగించాలన్న ఉద్దేశం, లేదా కలుగుతుందన్న ఎరుక ఉంటేనే అది మిశ్చిఫ్. తన కుక్కను తానే బరిలోకి దించినవాడు ఎవరికి నష్టం చేశాడు? అవతలి కుక్క యజమానికా? అతను ఒప్పుకునే వచ్చాడు, డబ్బు కూడా కాశాడు.

దీనికి ఆయన మిశ్చిఫ్ నిర్వచనం కిందున్న రెండో వివరణ చూపించేవారు. సొంత ఆస్తి మీద కూడా మిశ్చిఫ్ చేయవచ్చని అందులో ఉన్నమాట నిజం. కానీ ఆ వివరణ చెప్పేది ఆస్తి ఎవరిదైనా ఫరవాలేదని మాత్రమే, నష్టపోయినవాడు అక్కర్లేదని కాదు. సెక్షను కిందున్న ఉదాహరణలే చూడండి. బీమా చేసిన ఓడను యజమాని కావాలని ప్రమాదంలోకి నెడితే నష్టం బీమా ఇచ్చినవాళ్లది. ఇద్దరి ఉమ్మడి గుర్రాన్ని ఒకడు కాల్చేస్తే నష్టం రెండోవాడిది. గుర్రం చచ్చిపోయింది గదా అని ఆ ఉదాహరణ ఎక్కడా అడగదు.

మూడో మెట్టు మీద వాదన వేడెక్కేది. కుక్కే ఒక వ్యక్తి అయితే? 2014 నాగరాజ తీర్పులో సుప్రీంకోర్టు జంతువుల గౌరవం గురించీ, అయిదు స్వేచ్ఛల గురించీ మాట్లాడింది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు జంతువులను చట్టరీత్యా వ్యక్తులుగా ప్రకటించింది. ఆ రోజు ఆయన ఫోన్ చేసి "ఇప్పుడేమంటావోయ్" అన్నారు. 2019లో పంజాబ్, హర్యానా హైకోర్టు అదే దారి పట్టాక మళ్లీ చేశారు. నా జవాబు అప్పుడూ ఇప్పుడూ ఒకటే. పాత శిక్షాస్మృతిలోనూ, ఇప్పటి న్యాయ సంహితలోనూ నిర్వచనాలున్నాయి. వ్యక్తి అన్న చోట కంపెనీ ఉంది, సంఘం ఉంది, జంతువు లేదు. జంతువును వేరే నిర్వచించి, మనిషి కాని ప్రాణి అన్నారు. శిక్ష పడే చట్టాన్ని దయ కొద్దీ సాగదీయకూడదని నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే. 2023 మే 18న జల్లికట్టు కేసులో రాజ్యాంగ ధర్మాసనం జంతువులకు ప్రాథమిక హక్కులున్నాయనడానికి ఆధారం లేదని చెప్పింది. ఆ రోజు నేను ఫోన్ చేద్దామంటే అటువైపు ఎత్తేవారు లేరు.

325 బొత్తిగా పనికిరాదనడం లేదు. ఎవరి ఇంటి కుక్కనో దొంగిలించి, పందెం కుక్కలకు ఎరగా వేశారనుకోండి, అక్కడ నష్టపోయిన మనిషి ఉన్నాడు. ఆ సెక్షను నిక్షేపంగా నిలుస్తుంది.

తతిమ్మా కేసుల్లో అది చేసే చెరుపు వేరు. దర్యాప్తంతా గాయాలు రుజువు చేయడం వెంట పోతుంది. ఈలోగా 1960 చట్టం సెక్షన్ 36 పెట్టిన మూడు నెలల గడువు దాటిపోతుంది. ముద్దాయి లాయరు మొట్టమొదట లేవనెత్తేది అదే. తర్వాత 325 కూడా కూలితే చేతిలో ఏమీ మిగలదు. పైగా 1960 చట్టంలో ఏ క్లాజు రాయాలో తెలియని గందరగోళం ఒకటి. సెక్షన్ 11(1)లోని 'ఎం' క్లాజులో జంతువులను పోరుకు ఉసిగొల్పడం అనే మాట ఉంది కనక అందరూ దాన్ని రాస్తారు. సెక్షన్ 31 ప్రకారం వారెంటు లేకుండా పోలీసులు పట్టుకోగలిగిన నేరాల్లో అది లేదు. 'ఎన్' క్లాజు ఉంది: పందేనికి స్థలం నడపడం, ఇవ్వడం, లోపలికి రానివ్వడానికి డబ్బు తీసుకోవడం. ఫామ్‌హౌసు యజమాని నుంచి గేటు దగ్గర డబ్బు వసూలుచేసే కుర్రాడి దాకా అందులో పడతారు. చుట్టూ నిలబడి కేకలు వేసేవాడు మాత్రం ఏ క్లాజులోనూ పడడు.

ఇంత ఉండగా కేంద్రం 2024 మార్చిలో ఇరవై మూడు జాతుల కుక్కలను నిషేధించమని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఏప్రిల్లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. పందెం వేసేవాడిని వదిలి కుక్క జాతకం చూడటం మన పరిపాలనకు అలవాటే.

పందెగాడికి నిజంగా నొప్పి పుట్టించేది కుక్క చేజారడం. సెక్షన్ 29 కింద కోర్టు దాన్ని ప్రభుత్వపరం చేయగలదు. కానీ మళ్లీ హింస పాలవుతుందని రుజువు చూపించాలి. 2017 నాటి కేసు జంతువుల సంరక్షణ నియమాలు విచారణ కాలంలో మేత ఖర్చు ముద్దాయి మీద వేస్తాయి. వీటిని అడిగే ప్రాసిక్యూటర్లు అరుదు.

ఇప్పుడు నా పని సంగతి. జంతు హింస నివారణ ఉమ్మడి జాబితాలో 17వ అంశం. తమిళనాడు 2017లో రాష్ట్ర సవరణ చేసి, రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకుని జల్లికట్టును నిలబెట్టుకుంది. 2023 తీర్పు ఆ సవరణను సమర్థించింది. ఆటను కాపాడటానికి తెరుచుకున్న ఆ దారిలోనే ఆటను ఆపే సవరణా వెళ్లవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల కోసం నేను అలాంటి ముసాయిదా రాస్తున్నాను. ఉసిగొల్పడాన్ని సెక్షన్ 31లో చేర్చడం, ప్రేక్షకుణ్ణి నేరంలోకి తేవడం, గడువును ఏడాదికి పెంచడం, శిక్ష పడగానే జంతువును స్వాధీనం చేసుకోవడం. సంక్రాంతి కోళ్లు ఇందులోకి వస్తాయా అని గోదావరి జిల్లాల మిత్రులు అప్పుడే చూపులతో అడుగుతున్నారు. వస్తాయి. చట్టానికి కోడీ జంతువే. 2016 చివర్లో హైదరాబాదు హైకోర్టు ఆ పందేలు ఆపమన్నాక కూడా బరులు ఎలా సాగాయో వారికి నాకన్నా బాగా తెలుసు.

ప్రతులు ద్వారం దగ్గర బల్ల మీద ఉన్నాయి. ప్రేక్షకుడి క్లాజు ఇంకా కుదరలేదు. దారినపోతూ ఆగినవాణ్ణీ, పందెం కాసినవాణ్ణీ ఎలా విడదీయాలో మూడు రకాలుగా రాసిపెట్టాను. అభ్యంతరాలు కాగితం మీద ఇవ్వండి. టీ దగ్గర నోటితో చెప్పేవి నేను లెక్కలోకి తీసుకోను.